పెంకుల షెడ్డు

ఆ ఎండాకాలమంతా మా ఆయన సీసాలు చేశాడు, నేను వాటిని పగలగొట్టాను. ఇద్దరిదీ ఒకే ఫ్యాక్టరీ, మధ్యలో ఒక గోడ. ఆయన ముందు గేటులోంచి వెళ్ళేవాడు, నేను వెనక గేటులోంచి. ఆయన చేసినవే నేను పగలగొడుతున్నానని చాలా రోజులు నాకు తెలుసు, ఆయనకి తెలీదు.

కావాలని మొదలుపెట్టిన పని కాదు. మా వెనక వీధిలో ఉండే సుత్తక్క ఒకరోజు పొద్దున్నే వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. నోరు తెరిస్తే ఆపదు కాబట్టి ఆ పేరొచ్చింది. చేతికి నిజం సుత్తి వచ్చింది మాత్రం ఆ తర్వాతే.

"సీసాల ఫ్యాక్టరీలో ఆడవాళ్ళని తీసుకుంటున్నారే. వస్తావా?"

"ఏం పని?"

"ఏరే పనంట. కూర్చుని చేసేదే."

నేను లోపలికి చూశాను. మా అత్తయ్య బియ్యంలో రాళ్ళు ఏరుతూ తల ఎత్తకుండానే తీర్పు చెప్పేసింది. "వెళ్ళవే అమ్మాయ్. ఇంట్లో ఉండి ఏం చేస్తావు? నీ మొహం నేను చూడాలి, నా మొహం నువ్వు చూడాలి. మూడో మొహం ఒకటి ఉంటే ఆ మాట వేరు."

మాకు పిల్లల్లేరు. ఆ సంగతి మా ఇంట్లో ఎత్తేది ఆవిడొక్కతే, అదీ ఇలా అడ్డదారిలో.

మా ఆయన మాత్రం సంబరపడ్డాడు. భోజనం మధ్యలో చెయ్యి ఆపి నాకు పాఠం చెప్పాడు. "ఏరే పనంటే తేలిగ్గా తీసుకోకు. కళ్ళు అక్కడే ఉండాలి. పెదవి మీద వెంట్రుకంత పగులు ఉన్న సీసా ఒక్కటి దాటిపోయిందనుకో, మొత్తం లోడు వెనక్కొస్తుంది. మా పరువు పోతుంది."

ఆయన ఏడో నంబరు అచ్చు మనిషి. కొలిమిలోంచి ఎర్రటి గాజు ముద్ద జారి అచ్చులో పడుతుంది, గాలి ఊదుకుంటుంది, అచ్చు తెరుచుకుంటుంది, సీసా బయటికొస్తుంది. ఆ అచ్చుకి నూనెగుడ్డ పెట్టడం, వేడి చూసుకోవడం, తేడా వచ్చిన సీసాని పటకారుతో తీసి అవతల పారేయడం ఆయన పని. ప్రతి సీసా అడుగునా అచ్చు నంబరు పడుతుంది. అందుకని ఎక్కడికెళ్ళినా ఆయన సీసా కనిపిస్తే తిప్పి అడుగు చూస్తాడు. కొట్లో చూస్తాడు, బస్సులో పక్కవాడి చేతిలోది అడిగి తీసుకుని చూస్తాడు. మాకు పిల్లలు పుట్టే అవకాశం లేదని డాక్టరు కాగితాలు ముందేసుకుని నెమ్మదిగా చెబుతున్నప్పుడు కూడా మా ఆయన ఆ బల్ల మీదున్న మందు సీసా తిప్పి చూస్తున్నాడు. బయటికొచ్చాక మెట్లు దిగుతూ, "అది మనదే" అన్నాడు. అప్పుడు నేను ఆయన్ని కొట్టలేదు. ఎందుకు కొట్టలేదో ఇప్పటికీ తెలీదు.

ఏరే పని కాదని మొదటి రోజే తెలిసింది. ఫ్యాక్టరీ వెనక రేకుల షెడ్డు ఉంది. దాన్ని పెంకుల షెడ్డు అనేవాళ్ళు. మమ్మల్ని అక్కడ వరసగా కూర్చోబెట్టి, తలా ఒక సుత్తి, ఒక జత చేతొడుగులు ఇచ్చారు. మేనేజరు స్వయంగా వచ్చాడు. మంచివాడే. ఎప్పుడూ చెమటతో అతుక్కుపోయిన చొక్కాతో, రాత్రంతా ఎవరో తిట్టినట్టున్న మొహంతో ఉండేవాడు.

మాకు అర్థమయ్యేలాగే చెప్పాడు. సీసాలు కొనే కంపెనీ ప్లాస్టిక్‌లోకి మారిపోయింది. ఆర్డర్లు లేవు. కానీ కొలిమి ఆర్పడానికి వీల్లేదు. ఒకసారి చల్లారితే లోపలి ఇటుకలు పగిలిపోతాయి, ఇక పనికిరాదు. యజమాని ఫ్యాక్టరీని అమ్మే ప్రయత్నంలో ఉన్నాడు. వెలుగుతున్న కొలిమి ఉంటేనే కొనేవాళ్ళు వస్తారు. కొలిమి వెలగాలంటే గాజు కరుగుతూ ఉండాలి, కరిగింది బయటికి రావాలి. వచ్చిన సీసాలు పెట్టడానికి గోడౌనులో చోటు లేదు. అందుకని పగలగొట్టి, ఆ గాజు పెంకులే మళ్ళీ కొలిమిలో పోస్తారు.

సుత్తక్క ఊరుకుంటుందా? "అయితే సార్, సీసాలు చెయ్యడం దేనికి? ముద్దగా వచ్చింది ముద్దగానే మళ్ళీ పోసుకోవచ్చుగా? మధ్యలో ఈ సింగారమంతా ఎందుకు?"

మేనేజరు చొక్కా కాలరు సర్దుకున్నాడు. "ముద్ద తీసి ముద్ద పొయ్యమంటే లోపలివాళ్ళు నాలుగు రోజులు కూడా చెయ్యరమ్మా. సీసాలు చెయ్యమంటే చేస్తారు." గోడ వైపు చూసి, "వాళ్ళకి చెప్పకండి. మనసు పెట్టి చేసేవాళ్ళు. పాడైపోతారు" అన్నాడు.

ట్రాలీ వచ్చింది. ఇంకా గోరువెచ్చగా ఉన్నాయి సీసాలు. సుత్తక్క ఒకటి తీసి అడుగు చూసి నా ఒళ్ళో పెట్టింది. "ఏడు."

"ఏడవమంటున్నావా, నంబరు చెబుతున్నావా?"

"రెండూ అనుకో. మీ ఆయన."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ సీసాని పగలగొట్టకుండా పక్కన పెట్టాను. తర్వాత వచ్చిన ఏడునీ పక్కన పెట్టాను. మధ్యాహ్నానికి నా పక్కన గుట్ట తయారైంది. "వీటినేం చేస్తావే? పెంచి పెద్దచేసి పెళ్ళిళ్ళు చేసి పంపుతావా?" అంది సుత్తక్క. అనేశాక నాలిక కరుచుకుంది. నేను గుట్టలోంచి ఒకటి తీసుకుని మెడ పట్టుకుని, దాని భుజం మీద సుత్తితో కొట్టాను. ఒక్క దెబ్బకే విడిపోయింది. ఆ తర్వాత కష్టమనిపించలేదు. ఇంట్లో మాత్రం గోడౌనులో ఏరే పనేనని చెప్పాను.

చిత్రమేమిటంటే, ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నాకు బాగా అర్థమైంది ఆ షెడ్డులోనే. ఇంట్లో తన సంగతి మాట్లాడని మనిషి. సీసాల్లో మాత్రం అన్నీ చెప్పేసేవాడు. జ్వరంతో వెళ్ళిన రోజు అడుగులు మందంగా వచ్చేవి. నాతో పోట్లాడి వెళ్ళిన రోజు అతిజాగ్రత్తగా, ఒకదాని పోలిక ఒకటి తప్పకుండా వచ్చేవి. నేను ఒక్కోదాన్నీ తిప్పి చూసి, వేలితో పెదవి తడిమి, అప్పుడు కొట్టేదాన్ని.

ఒక సాయంత్రం ఆయన ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాడు. లోపల గోడ మీద నల్లబోర్డు ఉంటుంది. దాని మీద మేనేజరు తన చేత్తో రాశాడట, ఏడో నంబరులో ఒక్క సీసా కూడా తిరస్కరించలేదని.

"మీ గోడౌనులోకి వస్తున్నాయా నావి?" అని అడిగాడు కంచం ముందు కూర్చుంటూ.

"వస్తున్నాయి."

"ఎలా ఉంటున్నాయి?"

"వంక పెట్టడానికి లేదు."

"ఎక్కడికి పంపిస్తున్నారట?"

"దూరమట."

"ఎంత దూరం?"

"దూరమంటే దూరమేరా, కొలిచి చెప్పాలా నీకు?" అని అత్తయ్య కసిరింది. ఆయనకి కోపం రాలేదు. అన్నం కలుపుతూ తనలో తనే నవ్వుకున్నాడు. "మనం ఎన్నడూ చూడని ఊళ్ళో, మనకి తెలీనివాడెవడో దాహమేసి మూత తీస్తాడు. వాడికి నేనెవరో తెలీదు. అయినా వాడి పెదవి తెగదు చూశావా? అంతే. అంతకంటే ఏం కావాలి?"

నేను మజ్జిగ పోశాను.

తర్వాత కొన్నాళ్ళకి పెంకులు మోసుకెళ్ళే బెల్టు ఆగిపోయింది. కొలిమికి మేత అందకపోతే ప్రమాదమని, యంత్రాల దగ్గరున్న మగవాళ్ళని కొంతమందిని అటు పంపి పారలతో పోయించారు. మా ఆయన కూడా వెళ్ళాడు. పారలోకి వచ్చిన పెంకుల్లో గుండ్రటి అడుగులు కనిపించాయట. ఒకటి తీసి చూశాడట, ఏడు. ఇంకోటి తీసి చూశాడట, అదీ ఏడే. పార అక్కడే వదిలేసి, పెంకులు వస్తున్న దారి పట్టుకుని నడుచుకుంటూ వచ్చేశాడు.

నేను చూసేసరికి షెడ్డు గుమ్మంలో ఉన్నాడు. చేతులకి తెల్లగా గాజు పొడి. సుత్తక్క మాట మధ్యలో ఆపేసింది, అదొక్కటి చాలు అందరూ తలెత్తడానికి. సుత్తులు ఒక్కొక్కటిగా ఆగాయి.

ఆయన నా ముందుకొచ్చి కూర్చున్నాడు. నా చేతిలో ఉన్న సీసా తీసుకున్నాడు. రేకుల సందులోంచి పడుతున్న ఎండకి అడ్డం పెట్టి నెమ్మదిగా తిప్పాడు. బొటనవేలితో పెదవి చుట్టూ తడిమాడు. తిరిగి నా చేతిలో పెట్టాడు.

"దీంట్లో తప్పేం లేదు" అన్నాడు.

లేచి వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. ట్రాలీ నిండి ఉంది. నేను ఆ సీసా పగలగొట్టి ఇంకోటి అందుకున్నాను.

సాయంత్రం ఇంట్లో కేకలు ఉంటాయనుకున్నాను. లేవు. కాళ్ళు కడుక్కుని వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ."

"చెప్పలేదేం?"

"చెబితే ఏం చేసేవారు?"

"మానేసేవాణ్ణి."

"మానేసి?"

మర్నాడు పొద్దున్న రోజూ లేచే వేళకే లేచి, చొక్కా తొడుక్కుని పనిలోకి వెళ్ళాడు. అదే నాకు ఆశ్చర్యం. ఆశ్చర్యం కాదు, అసహ్యం వేసింది. కానీ నేనూ చీర సర్దుకుని వెనక గేటుకే కదా బయల్దేరాను.

ఆ రోజు టీ దగ్గర తోటివాళ్ళకి చెప్పాడట, ఇదీ సంగతని. "తెలుసులే" అన్నారట. ఒకరు కాదు, అందరూ. ముందునుంచీ తెలుసు. ఈయనకి ఒక్కడికే తెలీదు. ఏడో నంబరు ఎంత మనసుపెట్టి చేస్తున్నాడో చూసి, చెప్పబుద్ధి కాలేదట వాళ్ళకి. "తెలిసీ ఎలా చేస్తున్నార్రా?" అంటే, "చేతులకి తెలీదుగా" అన్నాడట ఒకడు.

అప్పట్నుంచి ఆయనకి ఒకటే ప్రశ్న పట్టుకుంది. కనిపించినవాళ్ళనల్లా అడిగేవాడు. మేనేజరుని అడిగితే, "నేను మాత్రం ఏం చేస్తున్నాననుకున్నావు? రోజూ ఎన్ని సీసాలు చేశామో పైకి చెబుతాను. పైనవాళ్ళకి వద్దు. అయినా వింటారు" అన్నాడట. వీధి పంపు దగ్గర సుత్తక్కని పట్టుకుని, "మనం చేసేదానికి అర్థమేంటక్కా?" అని అడిగాడు.

"అర్థం డిక్షనరీలో ఉంటుంది తమ్ముడూ. ఫ్యాక్టరీలో జీతం ఉంటుంది. నువ్వు తప్పు చోట వెతుకుతున్నావు" అని బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది.

చివరికి వాళ్ళమ్మ దగ్గరికి వచ్చాడు. ఆవిడ వంటింటి గడప మీద కూర్చుని వంకాయలు తరుగుతోంది.

"అమ్మా, ఇన్నేళ్ళు వండావు కదా. అదంతా ఎటు పోయింది?"

"ఎటు పోతుందిరా? పొద్దున్నే పోయే చోటికే పోయింది."

నేను పొయ్యి దగ్గర నవ్వాపుకోలేకపోయాను. ఆయన నవ్వలేదు.

"మరి ఎందుకు వండావు?"

"ఆకలేసింది కాబట్టి."

"అంతేనా?"

"అంతకంటే పెద్ద కారణం నీకెక్కడైనా దొరికితే నాకూ చెప్పు. పోయేలోపు వినిపోతాను."

"బతుకంతా ఇంతేనా అయితే? ఇంతోటి దానికి ఉంటే ఎంత, పోతే ఎంత?"

ఆవిడ కత్తిపీట పక్కకి జరిపింది. కొడుకు మొహంలోకి చూసింది. ఆ మాట కింద ఏముందో తల్లి కాబట్టి ఆవిడకి తెలిసింది. "ఇంతే అనుకో. అయితే?" అంది. గొంతులో జాలి లేదు. "ఇంతేనని తెలిసింది నీకిప్పుడు. నాకు నీ అంత లేనప్పుడే తెలిసింది. నీ పెళ్ళానికి ఆ డాక్టరు దగ్గర తెలిసింది. మేము పోయామా?"

ఆయన నా వైపు తిరిగాడు. మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. నేను పొయ్యిలో మంట సర్దుకున్నాను.

"మీ ఇద్దరికీ ముందే తెలుసన్నమాట" అన్నాడు. "నాకెవరూ చెప్పలేదు."

ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాటినుంచి ఆయన సీసాలు మారిపోయాయి. మెడలు వంకర. అడుగున బుడగలు. ఒక గోడ మందం, ఒక గోడ కాగితంలా పలచన. మొదట ఒంట్లో బాగాలేదనుకున్నాను. రెండోనాడు అర్థమైంది, కావాలనే చేస్తున్నాడు. ఎవరో ఒకరు వచ్చి తిడతారని ఎదురుచూస్తున్నాడు. లోపల సీసాలు చూసేవాళ్ళు చూశారు, బెల్టు మీదే వదిలేశారు. ఎలాగూ పగిలేవే కదా. ఎవరూ రాలేదు, ఎవరూ అడగలేదు.

ఆ వారాంతం ఆయన నవ్వుతూ ఇంటికొచ్చాడు. "బోర్డు మీద మళ్ళీ రాశాడు. ఏడో నంబరులో ఒక్కటి కూడా తిరస్కరించలేదట! నేను చేసిన దరిద్రమంతా పాసైపోయిందే! మంచిది చేసినా ఒకటే, చెత్త చేసినా ఒకటే. ఎవడూ చూడ్డం లేదు. పైనా లేడు, కిందా లేడు."

"ఒకటి కాదు" అన్నాను.

"ఏంటి?"

"మంచిదీ చెత్తా ఒకటి కాదు. చూసేవాళ్ళు లేకపోవడమేంటి? నేను చూడ్డం లేదూ?" కొంగు కింద దాచుకున్న చెయ్యి బయటికి తీశాను. అరచేతికి పెద్ద కట్టు. చేతొడుగు చీల్చుకుని దిగింది పెంకు. "పట్టుకోగానే చేతిలోనే విరిగింది. కొట్టనన్నా లేదు. పగలగొట్టే సీసాకైనా గోడలు సమంగా ఉండాలండీ. ఎక్కడ కొడితే ఎక్కడ విడుతుందో నాకు తెలియాలి. ఎవడో ముక్కూ మొహం తెలీనివాడి పెదవి తెగకూడదని అన్నాళ్ళు చేశారే, నా చెయ్యి తెగితే ఫర్వాలేదా?"

ఆయన నవ్వు ఆగిపోయింది. నా చెయ్యి తీసుకుని కట్టు విప్పాడు. గాయం చూశాడు. మళ్ళీ కట్టాడు, నేను కట్టుకున్నదానికంటే బిగువుగా, చక్కగా. క్షమించమని అడగలేదు. ఆయనకి ఆ అలవాటు లేదు.

మర్నాడు మొదటి ట్రాలీ కోసం నేను ఎప్పుడూ చూడనంతగా ఎదురుచూశాను. వచ్చింది. ఏడు. ఎత్తి చూశాను. నీళ్ళలా ఉంది గాజు, ఎక్కడా మచ్చ లేదు. ఆ రోజుల్లో వచ్చినంత మంచి సీసాలు ఆ ఫ్యాక్టరీలో అంతకుముందెప్పుడూ చేసి ఉండరు. ఎడమచేత్తో సుత్తి పట్టుకుని కొట్టాను. ఒక్కటీ మిగల్చలేదు.

ఇంట్లో మళ్ళీ మాటలు మొదలయ్యాయి. "ఇవాళ పదకొండు దాటాక వచ్చినవి ఎలా ఉన్నాయి?" అని అడిగేవాడు. "భుజం దగ్గర కొంచెం బరువు ఎక్కువైంది" అనేదాన్ని. "అవును, అచ్చు వేడెక్కింది" అనేవాడు. అత్తయ్య మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "కాపురం చేసుకోవడానికి మీకు ఇదా దొరికింది" అని గొణిగింది. నాకు మాత్రం ఆ కొద్దిరోజులూ బాగానే ఉన్నాయి. బాగున్నాయని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది కానీ, అబద్ధం చెప్పలేను.

వానలు మొదలయ్యే ముందు ఫ్యాక్టరీ కొనేవాళ్ళు కార్లలో వచ్చారు. కొలిమి ముందు నిలబడి చేతులు అడ్డం పెట్టుకుని మంట చూశారు. మా ఆయన యంత్రం దగ్గర ఆగి, సీసా చేతిలోకి తీసుకుని, "చాలా బాగుంది" అన్నారట. కొన్నారు కూడా. కానీ వాళ్ళకి కావలసింది స్థలమట. కొలిమితో పనే లేదు. మరి ఆ ఎండాకాలం మొత్తం ఆ మంట ఎందుకు మండిందో అడిగేవాడు ఒక్కడూ లేడు. మేనేజరు కూడా అడగలేదు. మర్నాటినుంచి మేనేజరుకీ ఉద్యోగం లేదు.

కొలిమి ఆర్పేశారు. చల్లారుతుంటే లోపల ఇటుకలు ఒక్కొక్కటే పగులుతున్న చప్పుడు షెడ్డులోకి వినిపించేది. మగవాళ్ళందరినీ ఇళ్ళకి పంపేశారు. మమ్మల్ని మాత్రం ఉంచారు. గోడౌనులో పేరుకున్న పాత సీసాలన్నీ పగలగొట్టి, పెంకులు లారీలకెత్తి, స్థలం ఖాళీ చేసి ఇవ్వాలి. నేను పనికి పోతుంటే ఆయన అరుగు మీద కూర్చుని చూసేవాడు. నేను వచ్చేసరికి అక్కడే, అలాగే ఉండేవాడు. ఇంకో ఫ్యాక్టరీకి వెళ్ళి అడగమంటే, "అక్కడ మాత్రం?" అనేవాడు.

గడువు దగ్గర పడుతోంది, ఇంకా మనుషులు కావాలని మేస్త్రీ అంటే, ఆ మాట ఇంట్లో చెప్పాను. ఎందుకు చెప్పానో తెలీదు. మర్నాడు పొద్దున్న ఆయన చొక్కా తొడుక్కుని నా వెంట వచ్చాడు. వెనక గేటు దగ్గర ఒక్క క్షణం కూడా ఆగలేదు.

నా పక్కనే కూర్చోబెట్టుకున్నాను. మొదటి సీసాని నడుం మీద కొట్టాడు. పెంకులన్నీ చెల్లాచెదురయ్యాయి.

"అక్కడ కాదండీ. మెడ పట్టుకోండి. భుజం మీద, కొంచెం వాలుగా. బలం అక్కర్లేదు."

రెండోది కుదిరింది. తెలివైన చేతులు, ఎంతసేపు పడుతుంది? అడుగు తిప్పి చూడనన్నా లేదు, ఏ నంబరో పట్టించుకోలేదు. తీయడం, కొట్టడం, వేయడం. మధ్యాహ్నానికే నన్ను మించిపోయాడు. సుత్తక్క కూడా నోరు మూసుకుని చూస్తోంది. చెమట తుడుచుకుంటూ ఆయన నా వైపు తిరిగాడు. ఎన్నాళ్ళ తర్వాతో ఆ మొహం తేటగా ఉంది.

"బాగుందే ఈ పని" అన్నాడు. "ఎలా కొట్టినా తప్పన్నది లేదు."

వెక్కిరిస్తున్నాడేమోనని చూశాను. లేదు. కోపంతోనూ అనలేదు. నిజంగానే అంటున్నాడు. ఇన్నేళ్ళలో ఆయన నోట విన్న మాటల్లో నన్ను అంతగా భయపెట్టింది ఇంకోటి లేదు.

"కాస్త దూరం జరిగి కొట్టండి" అన్నాను. "కంట్లో పడతాయి."